అడ్డుముక్క

ఆ వసంతకాలంలో నేను నాతో పనిచేసే సాత్విక పేరు మీద నలభై ఒక్క దొంగ సంతకాలు చేశాను. ఆ సంగతి సాత్వికకు తెలుసు, మా మేనేజరు విజయభాస్కర్‌కు తెలుసు, నా భర్త రోషన్‌కు తెలుసు. ఎవరికీ పెద్ద తప్పుగా అనిపించలేదు. నాకు మొదటి వారం అనిపించింది. రెండో వారానికి చెయ్యి అలవాటు పడిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే అందరికన్నా ముందు ఆ చేతి మీదే కోపం వస్తుంది.

అప్పుడు మేము ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఉండేవాళ్ళం. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో ఆరేళ్ళు నర్సుగా చేసి, కేర్ వీసా మీద ఇక్కడికొచ్చాను. రోషన్‌కూ, ఏడేళ్ళ మా పాప జెస్సీకీ నా వీసాయే ఆధారం. నా వీసాకు ఆధారం కంపెనీ. కంపెనీ అంటే విజయభాస్కర్. ఒంగోలు మనిషి. అందరినీ 'అమ్మా' అనే పిలిచేవాడు. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించి, బట్టలు మార్చి, మందులిచ్చి రావడం మా పని.

నాకిచ్చిన ఇళ్ళలో జీన్ ఇల్లొకటి. ఆమెకు తొంభై ఎనిమిదేళ్ళు. భర్త టామ్ పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. నడుము కింద పట్టు లేదు కాబట్టి మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే గుడ్డ ఊయలలో కూర్చోబెట్టి హాయిస్ట్ యంత్రంతో పైకెత్తాలి. దానికి ఇద్దరుండాలని నియమం. ఒకరు మీట నొక్కాలి, ఒకరు మనిషిని పట్టుకోవాలి. మన మునిసిపాలిటీ లాంటి కౌన్సిల్ ఇద్దరికీ డబ్బిచ్చేది. ఫిబ్రవరి నుంచి డ్యూటీలు వేసే రోటాలో మాత్రం ఇద్దరి పేర్లు, ఇంటికి వెళ్ళేది నేనొక్కదాన్నే. విజయభాస్కర్ సాత్వికను అదే సమయానికి వేరే ఇంటికి పంపేవాడు.

"నాలుగు వారాలే అమ్మా, కొత్త పిల్లలొచ్చేదాకా," అన్నాడు విజయభాస్కర్ ఫోన్లో. "ఇంట్లో వచ్చిపోయిన టైము రాసే ఫోల్డర్ ఉంటది కదా, దాంట్లో సాత్విక సంతకం కూడా నువ్వే పెట్టెయ్యి. నువ్వు నర్సువి. ఒంటిచేత్తో చెయ్యగలవు."

చెయ్యగలను. ఒక చేత్తో మీట నొక్కుతూ, మోకాలు అడ్డం పెట్టి, రెండో చేత్తో జీన్ భుజం పట్టుకుని, ఆమె గాల్లో ఉన్న అర నిమిషమూ ఊపిరి బిగబట్టి చెయ్యగలను. రోజూ చేశాను.

జీన్ పుట్టింది గ్లాస్గోలో. టామ్‌ను చేసుకుని న్యూకాసిల్ వచ్చింది. మా కంపెనీలో అందరూ నన్ను హెప్సి అంటే, ఆమె మాత్రం మొదటి రోజే "హెప్సిబా కదూ, యెషయా గ్రంథంలో పేరు" అంది. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లల్ని ముద్దుగా 'హెన్' అంటారట. నా చెవికది మా అమ్మమ్మ 'పిల్లా' అన్నట్టే ఉండేది.

మార్చిలో ఒక ఉదయం, బయట వడగళ్ళు పడుతున్నాయి. చలేస్తోంది, బీరువా కింది సొరుగులో ఉన్ని బనీను ఉంటుంది తియ్యమంది. సొరుగు బిగుసుకుపోయి ఉంది. గట్టిగా లాగాను. దుప్పట్ల కింద పాత మిలిటరీ మేజోడు తగిలింది. లోపల ఏదో బరువుగా ఉంది. ఎత్తితే సగం జారి బయటికొచ్చింది. రివాల్వర్.

"కదలకు పిల్లా," అంది జీన్. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "రెండు చేతులతో పట్టుకో. ట్రిగ్గర్ జోలికి పోకు. గొట్టం గోడ వైపు పెట్టి మెల్లగా పరుపు మీద ఉంచు. అది కింద పడకూడదు. ఎట్టి పరిస్థితిలోనూ పడకూడదు."

పెట్టాను.

"తూటాలున్నాయా?"

"టామ్ ఖాళీగా ఎప్పుడూ ఉంచలేదు. నన్నేదో కాపాడతాడట." ఆమె పళ్ళు బిగించింది. "పోలీసులకిచ్చెయ్యమని నలభై ఏళ్ళు పోరాను. ట్యాంకు దళంలో ఉన్నప్పుడు తెచ్చుకున్నది, ప్రాణం కాపాడింది అనేవాడు. పోయాక నేనిద్దామనుకున్నా. అప్పటికి నాకు మోకాళ్ళు పోయాయి. ఎవరికి చెప్పినా నన్ను ఈ ఇంట్లోంచి తీసుకుపోతారని భయం."

టీ కప్పు కూడా సరిగ్గా పట్టలేని ఆమె వేళ్ళు పరుపు మీదుగా పాకి ఆ తుపాకీని చేరాయి. వెనక భాగం మీద బొటనవేలు ఆనించి తడిమింది. తాకిన తీరు చూస్తే అది ఆమెకు కొత్త వస్తువు కాదని తెలిసిపోయింది.

"ఇవి నేను చేశాను," అంది. "పదిహేడేళ్ళప్పుడు. గ్లాస్గోలో లారీలు చేసే ఫ్యాక్టరీలో, యుద్ధం వచ్చాక ఇవి కూడా చేయించారు."

ఆ రోజు ఆమెకు తల దువ్వుతూ చాలా విన్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారుల దగ్గరుండే వెబ్లీ రివాల్వర్ పెద్దది, పేలిస్తే మణికట్టు విరిగినంత పని అయ్యేదట. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు దాన్ని నేర్పడానికి తీరిక ఉండదని, చిన్న తూటాతో తేలికైనది కావాలన్నారట. వెబ్లీ వాళ్ళు నమూనా చేసి ఇస్తే సైన్యం దాన్ని అటూ ఇటూ మార్చి, ఎన్‌ఫీల్డ్‌లోని సర్కారు ఫ్యాక్టరీలో తనదిగా చేసుకుందట.

"ఇక్కడ చూడు. తూటా మీద కొట్టే ముక్క ఇది, హ్యామర్. దీనికి బొటనవేలితో వెనక్కి లాగేందుకు ఒక కొమ్ముండేది. ట్యాంకుల్లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అది దేనికో ఒకదానికి తగులుకునేది. అందుకని కొమ్ము తీసేశారు. అది మంచి పనే. నా ఆకురాయి కింద ఎన్ని హ్యామర్లు నున్నగా అయ్యాయో లెక్కలేదు."

"మంచి పనే అంటే, ఇంకేదో చెడ్డ పని జరిగిందా?"

"లోపల చిన్న అడ్డుముక్క ఉండేది. ట్రిగ్గర్ నొక్కితే తప్ప హ్యామర్ తూటాదాకా పోకుండా ఆపేది. పంతొమ్మిది వందల నలభై రెండు వేసవిలో దాన్నీ తీసెయ్యమన్నారు. టైము కలిసొస్తుందని." ఆమె వేలు అక్కడే ఆగింది. "అది లేకపోతే నేల మీద పడిన దెబ్బకే పేలొచ్చు. దీంట్లో లేదు. నాకు తెలుసు."

తూటాలుండే చక్రం తెరిచే మీటను ఆమె నొక్కబోయింది. తుప్పు పట్టి కదల్లేదు. నన్ను మాత్రం ప్రయత్నించనివ్వలేదు. పోలీసుల్ని పిలవమంది.

వంటింట్లోకి వెళ్ళి నేను విజయభాస్కర్‌కు ఫోన్ చేశాను. అదే నా తప్పు. మనవాడు, దారి చెబుతాడు అనుకున్నాను.

అతను అంతా విన్నాడు. తర్వాత అడిగాడు. "ఎవరికన్నా చెప్పావా?"

"లేదు సార్. ఇప్పుడే చూశాను."

"చెప్పొద్దు. ఎక్కడ తీశావో అక్కడే పెట్టెయ్యి."

"సార్, దాంట్లో తూటాలున్నాయి. ఆమే పోలీసుల్ని పిలవమంటోంది."

"ఆలోచించమ్మా. పోలీసులొస్తే మొదట ఏమడుగుతారు? ఆ టైములో ఇంట్లో ఎవరున్నారని. ఫోల్డర్ చూస్తారు. సాత్విక పేరుంటది. సాత్వికేమో ఆ టైముకి వేరే ఇంట్లో ఉంది, అక్కడా సంతకం పెట్టింది. అప్పుడు ఎవరి మెడకు చుట్టుకుంటది? నాకా? సంతకం నీ చేత్తో పెట్టావు." గొంతు ఇంకా మెత్తగా మారింది. "నీకు పాపుంది. నీ స్పాన్సర్‌షిప్ నా దగ్గరుంది. ఇన్నేళ్ళు ఆ సొరుగులోనే ఉంది కదా అది. ఇంకొన్నాళ్ళుంటే ఏమైంది? ముసలావిడ పోయాక సామాను ఖాళీ చేసేవాళ్ళకు దొరుకుద్ది. వాళ్ళ తలనొప్పి వాళ్ళది."

పెట్టెయ్యమన్నట్టే పెట్టేశాను. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రెండు చేతులతో దుప్పట్ల మధ్య పెట్టి సొరుగు మెల్లగా మూశాను. జీన్ చూస్తూనే ఉంది.

"పోలీసులేమన్నారు?"

"మేనేజరు చూసుకుంటారట."

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఫోల్డర్ తీసి రెండు సంతకాలు పెట్టి బస్సెక్కాను.

ఆ సాయంత్రం జెస్సీని స్కూలు నుంచి తీసుకొచ్చాక రోషన్‌తో చెప్పాను. బియ్యం కడుగుతున్న చెయ్యి ఆపేశాడు.

"సార్ చెప్పింది చెయ్యి హెప్సీ. మనం వచ్చింది పని చేసుకోడానికి."

"పేలితే ఏం చేస్తారండీ?"

"ఎనభై ఏళ్ళు పేలనిది ఇప్పుడెందుకు పేలుద్ది?"

"ఈ చలికి ఆ సొరుగు ఇక రోజూ తెరవాలి. ఆవిడ ఉన్ని బట్టలన్నీ దాంట్లోనే ఉన్నాయి."

"అయితే బట్టలు వేరే చోట పెట్టు," అన్నాడు. అంతే సులువుగా. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. గిన్నె అతని చేతిలోంచి లాక్కున్నాను. బియ్యం సింకు నిండా పడింది. "మమ్మీ, స్టాప్ షౌటింగ్," అంది జెస్సీ తలుపు దగ్గర నిలబడి. నేను అరుస్తున్నట్టు అప్పటిదాకా నాకే తెలియలేదు.

జీన్ బట్టలు వేరే సొరుగులోకి మార్చాను. రోషన్ మాట విన్నందుకు నా మీద నాకే కోపం. ఆ పది రోజులూ హాయిస్ట్ నడుపుతున్నంతసేపూ బీరువా నా వీపు వెనకే ఉండేది. హాయిస్ట్ చక్రాలు చెక్కనేల మీద కదిలి బీరువాకు తగిలినప్పుడల్లా మీట వదిలేసి వెనక్కి చూసేదాన్ని. జీన్ మాట్లాడ్డం తగ్గించేసింది. నేనొచ్చి వెళ్ళడమే ఆమెకు ఇష్టం లేనట్టుండేది.

పదకొండో రోజు, ఒక బుధవారం, నేను టీ కలిపి ఇస్తుంటే అంది, "మోరాగ్ గురించి నీకు చెప్పలేదు."

"ఎవరు మోరాగ్?"

"నా పక్క స్టూలు మీద కూర్చునే పిల్ల. అడ్డుముక్క తీసెయ్యమన్న కాగితం వచ్చిన రోజు ఫోర్‌మన్ దగ్గరికెళ్ళి, కింద పడితే పేలుతుంది, నేను బిగించను అంది. సైనికులు తుపాకులు కింద పడేసుకోరు అన్నాడతను. మోరాగ్ వినలేదు. నేలలు తుడిచే పనికి పంపారు. రెండు వారాలకు మానేసింది. మోరాగ్‌ను తుడిచే పనికి పంపిన మధ్యాహ్నమే నన్ను ఆమె స్టూలు మీద కూర్చోమన్నారు. కూర్చున్నా. స్టూలు ఇంకా వెచ్చగా ఉంది."

టీ కప్పు ఆమె చేతిలో ఊగింది. పట్టుకోబోతే వద్దంది.

"మరుసటేడు సైన్యంలో చేరిన మా కింది వాటా అబ్బాయి పోయాడు. శత్రువు చేతిలో కాదు. శిక్షణ శిబిరంలో బల్ల మీంచి రివాల్వర్ జారి పడి పేలి, తూటా తొడలోంచి దూసుకుపోయింది. నేను బిగించిందే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను. యుద్ధం అయ్యాక అన్నిటినీ వెనక్కి పిలిచి మళ్ళీ ఆ ముక్క పెట్టారట. అంటే వాళ్ళకు మొదట్నుంచీ తెలుసు. టామ్ తనది ఇవ్వలేదు కాబట్టి అది అలాగే ఉండిపోయింది. ఎనభై ఏళ్ళ నుంచి నాకు ఒంటి నిండా కోపమే పిల్లా. ఆ కోపంతో ఏం చేశానో అడుగు."

నేను ఆమె ఒళ్ళో తువ్వాలు సర్దుతూ ఉన్నాను.

"ఏమీ చెయ్యలేదు. ఆకురాయి పట్టుకుని కూర్చున్నా." టీ ఒక గుక్క తాగింది. "ఆ రెండో పిల్ల, నవ్వుతూ ఉండేదే, ఆమె ఈ ఇంటికి రాక రెండు నెలలైంది. ఫోల్డర్లో మాత్రం రోజూ వస్తోంది. నాకు నడుమే పోయింది. కళ్ళు బానే ఉన్నాయి."

ఆమె గొంతులో నిందేమీ లేదు, అదే నాకు భరించరానిదైంది. టీ చల్లారకముందే తాగమని చెప్పి, ఫోన్ తీసి, ఆమె ముందే పోలీసులకు చేశాను.

ముప్పావు గంటలో వచ్చారు. పక్కిళ్ళవాళ్ళను బయటికి పంపారు. నేను జీన్‌ను హాయిస్ట్‌తో ఎత్తబోతే ఒక పోలీసతను వచ్చి అటువైపు పట్టుకున్నాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి ఇద్దరు మనుషులు ఆమెను ఎత్తారు. ఎంత సులువుగా అయిపోయిందో. నాకు ఏడుపొచ్చింది, కోపంతో.

పెరట్లో ఆ రివాల్వర్‌ను తెరిచారు. ఆరు తూటాలున్నాయి. తర్వాత ఒక మహిళా అధికారి వంటింటి బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుంది.

"ఇది మీరు మొదట ఎప్పుడు చూశారు?"

"పదకొండు రోజుల కిందట."

"అప్పుడు మీతో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

ఆమె ఫోల్డర్ తన వైపు తిప్పుకుని ఆ తేదీ దగ్గర వేలు పెట్టింది. "ఇక్కడ రెండు పేర్లున్నాయే."

"రెండూ నేనే రాశాను," అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. ముందు పేజీలు తిప్పింది. ఇంకా ముందు పేజీలు తిప్పింది. నేను ఆపలేదు.

ఆ తర్వాత నెల రోజులు ఎవరెవరో వచ్చారు. పోలీసులు నన్ను రెండుసార్లు పిలిచి, చివరికి నా మీద కేసు లేదన్నారు. కౌన్సిల్ వాళ్ళు వచ్చి ఇంకో తొమ్మిది ఇళ్ళ ఫోల్డర్లు తీసుకెళ్ళారు. అన్నిట్లోనూ అదే తంతు. మే నెలలో కంపెనీ లైసెన్సు రద్దయింది. నాతోపాటు పద్నాలుగు మందికి ప్రభుత్వం నుంచి ఉత్తరాలొచ్చాయి. అరవై రోజుల్లో వేరే స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీపడే ఇంకో కంపెనీని, వెతుక్కోవాలి, లేదంటే దేశం విడిచి వెళ్ళాలి.

విజయభాస్కర్ ఒకే ఒక్కసారి ఫోన్ చేశాడు. "అన్నం పెట్టినోడి నోట్లో మట్టి కొట్టావమ్మా," అన్నాడు. అప్పటికీ 'అమ్మా' అనే.

"సార్, మీరు పెట్టలేదు. నేను పని చేసి తిన్నాను," అని పెట్టేశాను. ఇంకా చాలా అనాల్సింది. ఈ రోజుకీ అంట్లు తోముతూ అనుకుంటూ ఉంటాను.

ఆదివారం తెలుగు ఫెలోషిప్‌లో మా వరసలో ఎవరూ కూర్చోలేదు. ప్రార్థన అయ్యాక కృపామణి ఆంటీ ఒక్కతే వచ్చి నా భుజం తట్టింది. ఆవిడకు పౌరసత్వం ఉంది. ఆవిడకు పోయేదేమీ లేదు. మిగిలినవాళ్ళను నేను తప్పు పట్టలేకపోయాను, అయినా కోపం మాత్రం ఆగలేదు. రోషన్ ఇంటికొచ్చాక అన్నాడు, "ఒక్కమాట నన్నడగలేదు నువ్వు."

"అడిగితే ఏమనేవారు?"

అతను వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రెండు నెలలూ మా మధ్య పాపకు సంబంధించిన మాటలే నడిచాయి.

సాత్విక జూన్‌లో వచ్చింది. కరీంనగర్ పిల్ల. చదువుకోడానికొచ్చి, డిగ్రీ అయ్యాక కేర్ వీసాకు మారింది. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్ల దగ్గరే నిలబడింది.

"అక్కా, నువ్వు చెప్పుడు తప్పని నేనంటలేను," అంది. "ఆ ముసలామె నాకు గూడ తెలుసు. మంచిది. కానీ ఒక్క మాట నాకు ముందు చెప్తే ఏమైతుండె? నేను గూడ నీతోని వచ్చి చెప్తుంటి. ఇప్పుడు నువ్వు నిజం చెప్పినదానివైనవ్. నేను పట్టువడ్డదాన్నైన. ఏ కంపెనీకి పోయినా నా పేరు అట్లనే ఉంది."

"నాకు తోచలేదు సాత్వికా. ఆ నిమిషంలో..."

"నీకు తోచలేదా? నా పేరు రోజూ నీ చేతిల్నే ఉండె గదా అక్కా."

వెళ్ళిపోయింది. పిలిచాను. తిరిగి చూడలేదు. జులైలో ఇండియాకు పోయిందని విన్నాను. ఆ వసంతంలో నామీద పడిన నిందలన్నిట్లోకీ అదొక్కటే న్యాయమైనది.

జీన్‌ను ఒక నర్సింగ్ హోమ్‌కు మార్చారు. ఆమె భయపడిందదే. చూడ్డానికి వెళ్ళి, క్షమించమన్నాను.

"కిటికీలోంచి చెట్టు కనిపిస్తోంది, తిండి దరిద్రంగా ఉంది," అంది. "హాయిస్ట్ పట్టడానికి మాత్రం ఇద్దరొస్తున్నారు పిల్లా. ప్రతిసారీ ఇద్దరూ."

ఆగస్టులో పోయింది.

యాభై నాలుగో రోజున లీడ్స్‌లో ఒక కేర్ హోమ్ నన్ను తీసుకుంది. ఇంటర్వ్యూలో జరిగిందంతా చెప్పాను. అక్కడి మేనేజరు కాసేపు నా కాగితాలు చూసి, మీ మాటలో దాపరికం లేదు, రండి అంది. ఇల్లు మారాం. రోషన్ మెల్లగా మళ్ళీ మాట్లాడ్డం మొదలుపెట్టాడు. సామాను విప్పుతూ ఒకసారి, "ఆ రోజు బట్టలు వేరే చోట పెట్టమన్నాను కదా," అని ఆగిపోయాడు. నేనింకో అట్టపెట్టె విప్పాను.

కిందటి నెల, ఒక శనివారం మధ్యాహ్నం, ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. దాంట్లో తొమ్మిది వందల మంది ఉన్నారు. కేరర్లు కావాలి, స్పాన్సర్‌షిప్ గ్యారంటీ, మనవాళ్ళ కంపెనీ అని రాసుంది. కంపెనీ పేరు కొత్తది. కింద ఫోన్ నంబరు మాత్రం నాకు కంఠతా వచ్చిన నంబరే.

"మనకెందుకు హెప్సీ, వదిలెయ్," అన్నాడు రోషన్ నా మొహం చూసి. తర్వాత తనే లేచి, జెస్సీని తీసుకుని పార్కుకు వెళ్ళాడు, నేను కూర్చుని రాసుకోడానికి.

గంట పట్టింది. నా పూర్తి పేరు రాశాను. ఎవరి దగ్గర పనిచేశానో, ఇద్దరి పనికి ఒకరినెలా పంపాడో రాశాను. తుపాకీ సంగతి, అతనేమన్నాడో మాట మాటా రాశాను. దొంగ సంతకాలు పెట్టింది నేనే అని రాశాను. సాత్వికకు ముందుగా చెప్పకపోవడం నా తప్పు అని కూడా రాశాను. అందరూ చదివేలా పంపించాను.

ఒకరిద్దరు, ఇలాంటివి గ్రూపులో పెట్టొద్దన్నారు. ఒకాయన మన పరువు మనమే తీసుకోకూడదన్నాడు. అప్పుడు వర్షిత అని ఎవరో తెలియని పిల్ల నాకు విడిగా మెసేజ్ పెట్టింది.

"ఆంటీ, నేను నిన్ననే ఆయనకి పాస్‌పోర్ట్ పంపించాను. ఇప్పుడేం చెయ్యాలి?"

మెసేజ్ కొట్టే ఓపిక లేకపోయింది. ఆ అమ్మాయికి వెంటనే ఫోన్ చేశాను.